పాము కాదు బాబూ, సావళ్ళు!

టేబుల్ మీద ఉన్నదాన్ని చూశారు కదా. దాదాపు మూడడుగుల పొడుగుంది. స్టీలు గిన్నె ఇప్పుడే తోమి పెట్టినట్టు మెరుస్తోంది. నోరు తెరిస్తే సూదుల్లాంటి పళ్ళు. తోక దగ్గరికి వచ్చేసరికి సన్నబడి, సన్నబడి, చివరికి దారప్పోగులా అయిపోయింది. ఈ ఫోటో స్టేటస్‌లో పెడితే పదిమందిలో ఎనిమిది మంది "ఏంటిది, పామా?" అని అడుగుతారు. మిగతా ఇద్దరిది సముద్రం పక్క ఊరై ఉంటుంది. వాళ్ళు మాత్రం "పులుసు పెట్టావా, వేపుడా?" అని అడుగుతారు.

దీని పేరు సావళ్ళు. గోదావరి జిల్లాల్లో కొన్నిచోట్ల సావిడాయలు అంటారు. ఇంగ్లీషులో రిబ్బన్ ఫిష్. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరంలో దొరికే చేపే. అయినా రెస్టారెంట్ మెనూలో కనిపించదు, పెళ్ళి భోజనాల్లో అసలే కనిపించదు. వంజరం, పండుగొప్ప, చందువా, రొయ్య... మనలో చాలామందికి సముద్రం అంటే ఈ నాలుగు పేర్లే. ఈ రోజు ఐదో పేరు నేర్చుకుందాం. దీన్ని ఎలా గుర్తుపట్టాలి, ఎలా కొనాలి, ఎలా వండాలి, ముళ్ళు గుచ్చుకోకుండా ఎలా తినాలి, ఇదంతా చెప్తాను. అసలు ఇది మన ప్లేట్లోకి ఎందుకు రావాలో కూడా చెప్తాను.

ముందు భయం సంగతి తేల్చేద్దాం. ఇది పాము కాదు. ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా, చూడండి. తల వెనక నుంచి తోక దాకా వీపు మీద పొడుగ్గా ఒక రెక్క ఉంది. వేలితో పైకి లేపితే విసనకర్రలా లేస్తుంది. పాముకి రెక్క ఉండదు. ఇక్కడ చెంప పక్కన మూత తీస్తే లోపల ఎర్రగా మొప్పలు. పాముకి మొప్పలుండవు. చర్మం మీద చెయ్యి పెట్టి రాస్తే నున్నగా జారిపోతుంది, ఒక్క పొలుసు కూడా లేదు. పాముకి ఒళ్ళంతా పొలుసులే. ఇంకో గుర్తు, మామూలు చేపకి ఉన్నట్టు దీనికి చీలిన తోక లేదు. 1758లో లిన్నేయస్ ఈ జాతిలో ఒక చేపకి ట్రైకియురస్ లెప్ట్యురస్ అని పేరు పెట్టాడు. గ్రీకులో ట్రైకియురస్ అంటే వెంట్రుక తోకది అని అర్థం. పేరులోనే పోలిక చెప్పేశాడు.

అలాగని సముద్రం ఒడ్డున పొడుగ్గా కనిపించిన ప్రతిదాన్నీ చేత్తో పట్టుకోవద్దు. వలల్లో నిజంగానే సముద్రపు పాములు కూడా పడుతుంటాయి. అవి విషపువి. వాటి గుర్తు తెలుసుకోండి: తోక అటూ ఇటూ నొక్కేసినట్టు బల్లపరుపుగా, పడవ తెడ్డులా ఉంటుంది. సావళ్ళకి దారం తోక, సముద్రపు పాముకి తెడ్డు తోక. ఇది గుర్తుంటే చాలు. అనుమానంగా ఉంటే ముట్టుకోకండి, పక్కనున్న మత్స్యకారుణ్ని అడగండి.

ఇక పేరు సంగతి. ఈ ఎపిసోడ్‌లో నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే.

రక్తపింజర పాము తెలుసు కదా. దాన్ని ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అంటారు. ఆ రస్సెల్ ఎవరంటే పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ డాక్టరు. 1780ల్లో మన విశాఖపట్నంలో ఉన్నాడు. ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేశాడు. పాముల మీద పుస్తకం రాసినవాడు అంతటితో ఆగలేదు. విశాఖ తీరంలో దొరికిన చేపల్ని సేకరించి, ఇక్కడి చిత్రకారులతో బొమ్మలు గీయించాడు. అలా రెండు వందల చేపల బొమ్మలతో, వర్ణనలతో 1803లో లండన్‌లో రెండు సంపుటాల పుస్తకం వచ్చింది.

ఆ పుస్తకంలో అతను చేపలకి లాటిన్ పేర్లు కనిపెట్టి పెట్టలేదు. ఇక్కడి జాలరులు ఏమని పిలిచేవాళ్ళో ఆ పేర్లే విని, తన చెవికి పట్టినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. తర్వాత ఫ్రాన్స్‌లో క్యువియే అనే పెద్ద శాస్త్రవేత్త ఈ పుస్తకం ముందు పెట్టుకుని శాస్త్రీయ నామాలు పెట్టేటప్పుడు ఆ తెలుగు పేర్లనే తీసుకున్నాడు. అందుకే మన కానాగంతలు ఇవాళ ప్రపంచమంతటికీ రాస్ట్రెల్లిగర్ కానగుర్తా. 1829లో ఇంకో చేపకి పెట్టిన పేరు సావలా. ఇప్పుడు దాని పూర్తి పేరు లెప్ట్యురాకాంతస్ సావలా. ఇందాకటి ట్రైకియురస్‌కి ఇది చుట్టం. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, సావలాకి కన్ను కాస్త చిన్నది. బజారులో రెండూ సావళ్ళ పేరుతోనే అమ్ముతారు, వంటలోనూ తేడా ఏం చూడక్కర్లేదు.

ఒక్కసారి ఆలోచించండి. జపాన్లో చేపల మీద పరిశోధన చేసేవాడైనా, బ్రెజిల్లో చేసేవాడైనా ఈ చేప గురించి రాయాలంటే "సావలా" అని రాయాల్సిందే. రెండు వందల ఏళ్ళ కింద విశాఖ ఒడ్డున ఎవరో జాలరి నోటి నుంచి వచ్చిన మాట అది. ఆయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు గానీ ఆయన మాట మాత్రం ఉండిపోయింది. అదే విశాఖలో ఇవాళ మనం దాన్ని చూసి "పాము" అంటున్నాం.

ఫిషింగ్ హార్బర్‌లో ఒక రోజు పొద్దున్న నేను షూట్ చేస్తుంటే ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు వచ్చారు. ఒక పిన్ని ముందు సావళ్ళ తట్ట ఉంది. వీళ్ళు ఫోన్లు తీసి "పాము పాము" అంటూ వీడియో మొదలుపెట్టారు. ఆవిడ ఒక చేపని చేత్తో ఎత్తి చూపించి, "పామైతే నా చెయ్యి వదిలేసేదా బాబూ? సావళ్ళు ఇవి. మీ నాన్నమ్మనడగండి, చెప్తాది" అంది. అందరం నవ్వాం. వాళ్ళూ నవ్వి, వీడియో తీసుకుని, చేప కొనకుండానే వెళ్ళిపోయారు. తర్వాత నేను అడిగాను, ఇవి మిగిలిపోతే ఏం చేస్తారని. "పెద్దవి కంపెనీవోళ్ళు పట్టుకుపోతారు. చిన్నవి ఎండేస్తాం. నలిగిపోయినవి మిల్లుకి పోతాయి. ఏటి చేస్తాం, మనోళ్ళు తినడం మానేస్తన్నారు" అంది.

ఆవిడ చెప్పిన ఒక్కో మాటా విడమర్చి చూద్దాం. కంపెనీ అంటే ఎగుమతి. మన దేశం నుంచి గడ్డకట్టించిన రిబ్బన్ ఫిష్ ఎక్కువగా చైనాకి వెళ్తుంది. కొంత సురిమి తయారీకి పోతుంది. సురిమి అంటే చేప మాంసాన్ని కడిగి, ముద్ద చేసి, రకరకాల వంటలకి వాడే సరుకు. సూపర్ మార్కెట్లో క్రాబ్ స్టిక్స్ అని అమ్మేవి చాలావరకు సురిమితో చేసినవే. వాటిలో పీత పేరుకే. మిల్లు అంటే చేపల పొడి మిల్లు. అక్కడ చేపని ఉడికించి, ఎండబెట్టి, పొడి చేస్తారు. అది కోళ్ళ మేతలోకి, రొయ్యల మేతలోకి వెళ్తుంది. అంటే మనం తినని చేపే చుట్టూ తిరిగి కోడిగానో రొయ్యగానో మన ప్లేట్లోకి వస్తోంది, ఎక్కువ రేటుతో.

ఎగుమతి తప్పని నేను అనను. బోటువాళ్ళకి డబ్బొస్తుంది. కానీ తట్ట పెట్టుకుని వీధిలో అమ్మే పిన్ని కంపెనీతో పోటీ పడలేదు. ఆవిడ బతుకు మన మీద ఆధారపడి ఉంది. మనం నాలుగు పేర్లే అడిగితే, ఆ నాలుగూ కొనే డబ్బు పొద్దున్నే ఆవిడ దగ్గర ఉండాలి. వేలంలో వంజరం పాడుకోవాలంటే పెట్టుబడి కావాలి. సావళ్ళు, కవళ్ళు, కానాగంతలు లాంటివైతే చిన్న పెట్టుబడితో వ్యాపారం నడుస్తుంది. మనకీ అంతే. వంజరం కిలో కొనే డబ్బుతో చాలా రోజుల్లో ఇవి రెండు కిలోలకి తక్కువ రావు. రూమ్‌లో ముగ్గురు కలిసి వండుకునే బ్యాచిలర్స్‌కి ఇంతకంటే ఏం కావాలి!

ఇప్పుడు కొనడం. తాజాదో కాదో చూసుకోవడానికి ఈ చేప చాలా మంచిది, ఎందుకంటే అన్నీ పైకే చెప్పేస్తుంది.

మొదటిది మెరుపు. తాజా సావళ్ళు అద్దంలా వెలుగుతాయి. ముట్టుకుంటే చేతికి కాస్త వెండి రంగు అంటుతుంది. భయపడకండి, అది ఎవరో పూసిన రంగు కాదు. చేప చర్మంలో సహజంగా ఉండే గ్వానిన్ అనే పదార్థపు మెరుపు. అదే మెరుపు అక్కడక్కడా ఊడిపోయి, కింద చర్మం బూడిద రంగులోనో పసుపు రంగులోనో కనిపిస్తే మాత్రం పాతబడిందని అర్థం.

రెండోది పొట్ట. గట్టిగా, పగలకుండా ఉండాలి. ఇది వేటాడి తినే చేప. నెత్తళ్ళు, రొయ్యలు, ఒక్కోసారి తన జాతి చిన్నవాటినే మింగేస్తుంది. నిండు పొట్టతో పట్టిన చేపని ఐస్ లేకుండా ఉంచితే ముందు పొట్టే చితుకుతుంది.

మూడోది కళ్ళు, మొప్పలు. కన్ను తేటగా ఉండాలి, మొప్ప ఎర్రగా ఉండాలి. మొప్ప గోధుమ రంగులోకి తిరిగితే వదిలేయండి. నాలుగోది వాసన. సముద్రపు వాసన ఉంటే మంచిదే. ముక్కులో గుచ్చుకునే ఘాటు వాసన ఉంటే వద్దు.

ఐదోది సైజు. మూర కంటే చిన్నవి తాజాగా కొనకండి. వాటిలో కండ ఉండదు, పైగా అవి ఇంకా పిల్లలే. కేరళలో కొన్ని రకాల చేపలకి ఇంతకంటే చిన్నవి పట్టకూడదని కనీస సైజు పెట్టారు. ఈ చేపకి అది 46 సెంటీమీటర్లు. మన దగ్గర బజారుకి టేపు తీసుకెళ్ళక్కర్లేదు. మోచెయ్యి నుంచి వేళ్ళ చివరిదాకా పెట్టి చూడండి, సుమారు అంతే వస్తుంది.

ఇంకో విషయం. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకోనివ్వడానికి. ఆ రోజుల్లో ఎవరైనా "పొద్దున్నే బోటు మీద వచ్చింది" అంటే ఏ బోటని అడగండి. ఐస్‌లో పెట్టిన పాత సరుకో, బయటి నుంచి వచ్చిందో అయి ఉండొచ్చు. మోటారు లేని చిన్న పడవలవాళ్ళు తెచ్చింది దొరికితే అదృష్టమే.

కొన్నాక అక్కడే కోయించేసుకోండి. కత్తిపీట ముందు కూర్చున్న పిన్నుల చేతి వేగం ముందు మన చాకు ఎందుకూ పనికిరాదు. తల తీసేయమనండి. పళ్ళు చాలా పదును, చచ్చిన చేప నోరైనా వేలు పెడితే కోసుకుపోతుంది. వీపు మీది రెక్క మొత్తం తీసేయమనండి. పొట్ట చీల్చి, లోపలి నల్ల పొర గోకమనండి. కొందరు వండాక చేదనేది ఆ పొర గురించే. తోక చివరి జానెడు వదిలేయొచ్చు. మిగతాది నాలుగు వేళ్ళ వెడల్పు ముక్కలు. పొలుసు లేదు కాబట్టి ఇంటికొచ్చాక పని తక్కువ. కల్లుప్పు, పసుపు వేసి రుద్ది, రెండు మూడు నీళ్ళు కడిగితే నీచు పోతుంది. కడిగేటప్పుడు వెండి రంగు నీళ్ళలోకి వస్తుంది, రానివ్వండి.

మొదటిసారి తినేవాళ్ళకి వేపుడు చెప్తాను. అర కిలో ముక్కలకి ఒకటిన్నర చెంచా కారం, అర చెంచా పసుపు, సరిపడా ఉప్పు, చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద, అర చెక్క నిమ్మరసం. ముక్కకి రెండు వైపులా పట్టించి అరగంట వదిలేయండి. పెనం మీద నూనె బాగా వేడెక్కాక పెట్టి, కదపకుండా మూడు నాలుగు నిమిషాలు ఆగండి. కిందవైపు గట్టిపడితేనే తిప్పాలి. తొందరపడితే ముక్క విరిగిపోతుంది, ఎందుకంటే దీని మాంసం చాలా మెత్తన. రెండో వైపు ఇంకో మూడు నిమిషాలు. దించే ముందు గుప్పెడు కరివేపాకు. అంతే.

పులుసుకైతే ఉల్లిపాయ, పచ్చిమిర్చి బాగా మగ్గనిచ్చి, కారం, పసుపు, ఉప్పు వేసి, నిమ్మకాయంత చింతపండు రసం పొయ్యండి. పులుసు తెర్లి, పచ్చివాసన పోయాకే ముక్కలు వెయ్యాలి. ముక్కలు వేశాక గరిటె లోపల పెట్టొద్దు. గిన్నె చెవులు గుడ్డతో పట్టుకుని గుండ్రంగా తిప్పండి. ఎనిమిది, పది నిమిషాలు చాలు. ఆఖర్న కాసింత మెంతి, జీలకర్ర పొడి, కొత్తిమీర. మామిడికాయల రోజుల్లో చింతపండు తగ్గించి నాలుగు పుల్లటి మామిడి ముక్కలు వేస్తే దాని రుచే వేరు. ఇక రాత్రి పులుసు మర్నాడు పొద్దున్న ఎలా ఉంటుందో చేపలు తినే ఇళ్ళవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అందరూ భయపడే ముళ్ళు. నిజం చెప్పాలంటే దీనికి ముళ్ళు ఎక్కువే, కానీ పద్ధతిగా ఉంటాయి. ముక్కని ప్లేట్లో పడుకోబెట్టండి. పై అంచునా, కింది అంచునా దువ్వెన పళ్ళలా సన్నముళ్ళ వరస ఉంటుంది. రెండు అంచులూ వేలెడు మందాన పక్కకి లాగేయండి, ఆ ముళ్ళు దాదాపు అన్నీ వచ్చేస్తాయి. ఇక మధ్యలో ఒకే ఒక వెన్నుముల్లు. దాని మీద నుంచి కండని వేలితో తోస్తే రేకులా లేచి వస్తుంది. తిప్పి రెండో వైపూ అంతే. చిన్నపిల్లలకి పెట్టేటప్పుడు మాత్రం మీ వేళ్ళతో ఒకసారి నలిపి చూసి పెట్టండి.

కొరియా సీరియల్స్ చూసేవాళ్ళున్నారు కదా మనలో. వాళ్ళు గల్చి అని ఇష్టంగా తినే చేప ఇదే కుటుంబం. వాళ్ళ భాషలో కత్తి చేప అని అర్థం. ముల్లంగి వేసి, కారంగా, ఎర్రగా పులుసులా వండుతారు. జెజు దీవిలో దొరికేదానికి మంచి గిరాకీ, మంచి ధర. జపాన్‌వాళ్ళు ఉప్పు రాసి నిప్పుల మీద కాలుస్తారు. బంగ్లాదేశ్‌లో చురి అంటారు, అంటే చాకు, ఎండబెట్టింది వాళ్ళకి ప్రాణం. వాళ్ళెవరికీ పాము గుర్తు రాలేదు, కత్తి గుర్తొచ్చింది. చేప ఒకటే, చూసే కన్ను వేరు.

మనకీ ఎండు సావళ్ళున్నాయి. సముద్రానికి దూరంగా ఉన్నవాళ్ళు, హైదరాబాద్ హాస్టళ్ళలో ఉన్నవాళ్ళు వీటితో మొదలుపెట్టండి. ఇసుక అంటనివి, తడి లేనివి, విరిస్తే పెళుసుగా విరిగేవి చూసి కొనండి. ముక్కలు చేసి పెనం మీద పొడిగా కాస్త వేయించి, వేడినీళ్ళలో పావుగంట నానబెట్టి, మూడుసార్లు కడగండి. తర్వాత వంకాయతో కలిపి వండండి. ఎండుచేపలో ఉప్పుంటుంది కాబట్టి కూరలో ఉప్పు ఆఖర్నే వెయ్యండి. బీపీ ఉన్న పెద్దవాళ్ళకి ఎక్కువ పెట్టకండి. వాసనకి పక్కింటివాళ్ళు ఏమనుకుంటారో అని భయమా? కిటికీ తెరవండి, మూతపెట్టి వండండి. అంతకంటే సిగ్గుపడాల్సింది అందులో ఏం లేదు. కొందరి ఇళ్ళలో టిఫిన్ డబ్బా మూత తీయడానికి పిల్లలు మొహమాటపడేది ఈ వాసన గురించే. మీ క్లాసులో ఎవరైనా అలా మూత సగమే తీసి తింటుంటే, పక్కన కూర్చుని "ఒక ముక్క పెట్టవా" అని అడగండి. ఆ ఒక్క మాటతో ఆ డబ్బా మూత పూర్తిగా తెరుచుకుంటుంది.

చివరిగా ఒక్క పని చెప్తాను. ఈ ఆదివారం చేపల బజారుకెళ్తే వెంటనే వంజరం దగ్గర ఆగిపోకండి. తట్టలన్నీ ఒక చుట్టు చూడండి. తెలియని చేప కనిపిస్తే ఫోటో తీసే ముందు "పిన్నీ, దీని పేరేంటి? ఎలా వండుతారు?" అని అడగండి. ఆవిడ చెప్పిన పేరు ఆవిడ చెప్పినట్టే ఫోన్లో రాసుకోండి. రస్సెల్ చేసింది కూడా అంతే, అడిగాడు, రాసుకున్నాడు. మనం అతనికంటే ఒక పని ఎక్కువ చేద్దాం. అర కిలో కొందాం.

మీ ఊళ్ళో సావళ్ళని ఏమంటారో, మీ ఇంట్లో దేనితో కలిపి వండుతారో నాకు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కవళ్ళతో కలుద్దాం. అప్పటిదాకా, పాము అని ఎవరైనా అంటే, వీపు మీది రెక్క చూపించండి. ఉంటాను.